విద్యుత్తీగెలను కోయుటకును ఒలుచుటకును తగిన పనిముట్లు

కొడవలికి కక్కు కొట్టించనిదే వరికోతకు దిగని రైతు, మోటారు తీగెను ఒలువవలసి వచ్చినపుడు మాత్రము చేతికందిన దానితోనే పని గడుపుకొనుచున్నాడు. కొందఱు గడ్డము గీచుకొను బ్లేడుతో ఒలుతురు. కొందఱు పండ్లతో కొఱికి లాగుదురు. మఱికొందఱు అగ్గిపుల్ల గీచి పైతొడుగును కాల్చివేయుదురు. పని యెట్లో జరుగును, మోటారును తిరుగును. కాని ఆ తీగె నాటినుండియే లోలోపల చెడుచుండును. నడివేసవిలో, పైరు నీటికై యెదురుచూచు దినములలో మోటారు కాలిపోయినపుడు, దానికి మూలము ఆఱు మాసముల క్రిందట బ్లేడుతో పెట్టిన గాటే యని యెవరికిని తోచదు. కావున తీగెలను కోయుటకును, ఒలుచుటకును ఏ పనికి ఏ పనిముట్టు తగినదో, ఏల తగినదో సభ్యుల యెఱుకకై యిచ్చట వివరించుచున్నాము.

గాటు వలన కలుగు నష్టము

తీగెలో రెండు భాగములు కలవు. లోపలిది రాగి లేక అల్యూమినియము. విద్యుత్తు దాని వెంట ప్రవహించును. పైది పి.వి.సి. తొడుగు; అది విద్యుత్తును బయటికి రానీయక కాపాడును. ఒలుచుట యనగా పైదానిని తీసి, లోపలిదానికి గీతయైనను పడకుండ చూచుట.

గీత చిన్నదే కదా యని యుపేక్షింపరాదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఒంటి తీగెకు అడ్డుకొలత సుమారు 1.78 మిల్లీమీటర్లు. బ్లేడు దాని చుట్టును మిల్లీమీటరులో పదియవ వంతు దిగినచో ఆ చోట 1.58 మిల్లీమీటర్లు మాత్రమే మిగులును. లెక్కించి చూడగా లోహములో ఇంచుమించు ఐదవ వంతు పోయినట్లే. పలు పోగుల తీగెలో నైనచో, ఏడు పోగులలో ఒక్కటి తెగినను ఏడవ వంతు తగ్గును.

ఇంతకన్న గొప్ప కీడు వేఱొకటి గలదు. తీగెను వంచినపుడెల్ల వంపు గాటు పడిన చోటనే పడును. మోటారు అదురు వలనను, బిగింపు వలనను ఆ చోటు నానాటికి అలసి తుదకు తెగును. అల్యూమినియపు తీగె మఱింత త్వరగా తెగును. మూడు ఫేజుల మోటారునకు ఒక తీగె తెగినచో అది వెంటనే ఆగిపోదు. మూలుగుచు తక్కిన రెండు తీగెలపైననే నడువ జూచును. అపుడు ఆ రెండింటిలోను విద్యుత్తు మామూలుకన్న ఇంచుమించు ఒకటిముక్కాలు రెట్లు ప్రవహించును. కాపాడు సాధనము సరిగా లేనిచో చుట్టలు కాలిపోవును. బ్లేడునకు పెట్టిన రెండు రూపాయలు ఆదాయమా, మోటారు చుట్టించుటకు పెట్టిన సొమ్ము నష్టమా యన్నది సభ్యులే తేల్చుకొందురు గాక.

కాల్చి ఒలుచుటయు మంచిది కాదు. పి.వి.సి. కాలినపుడు కంటికిని ఊపిరికిని కీడు చేయు ఘాటైన ఆమ్లవాయువు వెలువడును. రాగిపై నల్లని మసి పట్టి బిగింపు చోట స్పర్శ చెడును. కాలక మిగిలిన తొడుగు సయితము వేడికి మెత్తబడి పాడగును.

పనిముట్లు

కటింగు ప్లయరు: దాదాపు అందఱి యిండ్లలో నున్నది. సాధారణముగా 8 అంగుళముల పొడవు గలది రైతునకు చాలును. దీని ముక్కు పట్టుటకు, లోపలి యంచులు కోయుటకు. పోకచెక్కను అడకత్తెరలో మొలకు దగ్గఱగా నుంచినపుడే సులువుగా తెగునని యెల్లవారెఱుగుదురు. ఇదియు అట్లే. మొలకు 2 సెంటీమీటర్ల దూరమున తీగె నుంచి, 12 సెంటీమీటర్ల దూరమున పిడిని నొక్కినచో చేతిబలము ఆఱు రెట్లగును. అయితే దీనితో ఒలువ జూచుట తప్పు. ఎంత లోతున కోయుచున్నామో తెలియదు గనుక పోగులు తెగుట తప్పదు.

వైరు స్ట్రిప్పరు: ఒలుచుటకు దీనిని మించినది లేదు. దీని రెండలుగుల నడుమ తీగె ప్రమాణమును బట్టి గుండ్రని గండ్లుండును. ప్రతి గండి ప్రక్కను దాని కొలత చెక్కబడి యుండును. తీగెకు సరియైన గండిలో నుంచి నొక్కినచో తొడుగు మాత్రమే తెగి, అలుగు లోహము వఱకు పోదు. పిమ్మట కొంచెము త్రిప్పి లాగినచో తొడుగు ఊడివచ్చును. గండి చిన్నదైన పోగులు తెగును, పెద్దదైన తొడుగు చిరుగును. మరతో సరిచేసికొను రకమును గలదు. దానిని ముందు పనికిరాని ముక్కపై పరీక్షించి పిదప వాడవలయును. ఎంత పొడవు ఒలువవలయు ననగా, స్టార్టరు బిగింపులోనో, లగ్గులోనో ఎంత దూరునో అంతయే. అంతకు మించి తెఱచి యుంచిన తీగె ఆపదకు వాకిలి.

కత్తి: బోరు మోటారు చదును కేబులునకు మూడు తీగెలపై మఱొక మందపు తొడుగుండును. దానిని చీల్చుటకు కత్తి వాడవచ్చును. అయితే కత్తిని నిలువుగా నుంచి చుట్టు కోయరాదు. పెన్సిలు చెక్కునట్లు ఏటవాలుగా నుంచి, మన యొడలికి దూరముగా నడుపవలయును. అట్లయిన అలుగు జాఱినను గాటు దిగదు.

కేబులు కట్టరు: లావు కేబులును ప్లయరుతో కొఱికినచో కొన నలిగి చదునై, పోగులు విడిపోయి లగ్గులో దూరవు. కేబులు కట్టరునకు రెండు వంపు అలుగులుండి కత్తెరవలె ఒకదాని ప్రక్కగా నొకటి జరుగును. కొన గుండ్రముగనే నిలుచును. ఇది రాగికిని అల్యూమినియమునకును మాత్రమే. కంచె ముళ్ళతీగెను గాని, ఇనుప తంతులు చుట్టిన కేబులును గాని దీనితో కోసినచో అలుగునకు పండ్లు పడి, మఱి యే కోతకును పనికిరాదు. ఇనుపకవచము గల కేబులునకు హాక్సా రంపమే తగినది.

క్రింపింగు సాధనము: ఒలిచిన కొనకు లగ్గు తొడిగి నొక్కుటకు ఇది కావలయును. సుత్తితో కొట్టి చదును చేసిన లగ్గు వదులుగా నుండి వేడెక్కును. రాగిని అల్యూమినియమును నేరుగా మెలిపెట్టి కలుపరాదు. తేమ తగిలినచో రెండును కలిసిన చోట అల్యూమినియము తినివేయబడును. అందులకై రెండు లోహముల లగ్గులు వేఱుగా అమ్మబడుచున్నవి.

ప్రాణరక్షణము

పనిముట్టు ఎంత మంచిదైనను విద్యుత్తున్న తీగెపై దాని నుంచరాదు. పిడికున్న రంగు తొడుగును చూచి ధైర్యపడువారు పెక్కుమంది కలరు. అది పట్టు జాఱకుండుటకు వేసిన తొడుగు మాత్రమే కావచ్చును. జంట త్రిభుజముల గుర్తును, 1000 వోల్టుల సంఖ్యయు నున్న పిడియే పరీక్షింపబడినది. అదియు పొరపాటు వేళ రక్షగా నుండుటకే గాని, తెలిసి తెలిసి తెగించుటకు కాదు.

మన సేద్యపు సరఫరా వేళలు మాఱుచుండును. "ఇపుడు కరెంటు లేదు" అని తీగె పట్టుకొన్న క్షణమున రావచ్చును. ఆటో స్టార్టరున్న చోట కరెంటు వచ్చినంతనే మోటారు దానంతట అదియే తిరుగ నారంభించును. కావున మెయిను స్విచ్చు తీసి, ఫ్యూజుల నూడదీసి, వానిని జేబులో నుంచుకొనవలయును. ఇంటివారిలో నొకరిని స్విచ్చు దగ్గఱ నిలుపుట మేలు. టెస్టరును ముందుగా కరెంటున్న చోట వెలుగుచున్నదో లేదో చూచి, పిదప మూడు తీగెలను వేఱువేఱుగా పరీక్షింపవలయును. టెస్టరు వెలుగకుండుట యొక్కటే నమ్మదగిన సాక్ష్యము కాదు. తడి నేలపై, తడి చేతులతో ఈ పని కూడదు.

మీటరునకును స్తంభమునకును మధ్యనున్న తీగెను, ట్రాన్సుఫార్మరును రైతు ముట్టరాదు. అచ్చటి ఫ్యూజు వేయబోయి ప్రాణములు కోల్పోయిన వారి వార్తలు మనకు క్రొత్త కావు. పైరు ఎండినను మఱుసటి కాఱునకు వేసికొనవచ్చును. ఇంటి పెద్ద పోయిన లోటు తీఱునది కాదు. అట్టి పనికి లైనుమనుని పిలువవలయును, లేక 1912 సంఖ్యకు ఫోను చేయవలయును.

అతుకు

బోరులోనికి దిగు కేబులును అతుకవలసి వచ్చినచో మూడు తీగెలను ఒకే చోట కోయక, ఒక్కొక్కదానిని రెండు మూడంగుళముల యెడముగా మెట్లవలె కోయవలయును. అపుడు ఒక అతుకు మఱియొక అతుకును తాకదు. తుడిచి, ఆరబెట్టి, ముందు రబ్బరు టేపును సాగదీయుచు చుట్టి, దానిపై పి.వి.సి. టేపును చుట్టవలయును. ఈ పని నేర్పరి చేతనే చేయించుట మంచిది. అతడు పై క్రమమును పాటించుచున్నాడా యని చూచుకొనుట మన వంతు.

సంఘము చేయదగినది

ఇన్ని పనిముట్లు ప్రతి రైతును కొనవలయునా? అక్కఱలేదు. మంచి కటింగు ప్లయరు, వైరు స్ట్రిప్పరు, టెస్టరు, ఈ మూడును ప్రతి యింట నుండవలయును. కేబులు కట్టరు, క్రింపింగు సాధనము ఏడాదికి రెండు మూడు మాఱులు మాత్రమే కావలసినవి, వెల కొంచెమెక్కువ. మందు కొట్టు యంత్రములను కూడి కొని వంతులవారీగా వాడుకొను గ్రామములలో వీనిని సంఘము తరఫున కొని, పుస్తకములో వ్రాసి యెరవిచ్చుట కష్టము కాదు. తిరిగి పుచ్చుకొనునపుడు అలుగులను చూచి, తుడిచి, మొలకు చుక్క నూనె వేసి యుంచిన చాలును. కంచె తీగె కోసి పండ్లు పాడుచేసినవారు బాగుచేయించి యియ్యవలయునని నియమ ముండవలయును.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును ఆలోచింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. అంతవఱకు ప్రతివారును తమ స్టార్టరు పెట్టెలోని తీగె కొనలను మెయిను తీసి యొకమాఱు చూచుకొందురు గాక. నల్లబడిన కొనయో, తెగిన పోగో కనబడినచో, వేసవి రాకముందే కోసి, సరిగా ఒలిచి, తిరిగి బిగించుకొనుటయే మేలు.