మీకు తెలుసా? ఒక్కో పాయింటుతో 65,535

1986లో జపాన్‌లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ వీడియో గేమ్‌లో నీలం స్లైమ్ అనే శత్రువును చంపితే దక్కేది ఒకే ఒక్క అనుభవ పాయింటు. ఆఖరిదైన 30వ లెవెల్‌కు కావాల్సినవి 65,535! 16 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే. పాయింట్ల కోసం కొట్టిన శత్రువునే మళ్లీ మళ్లీ కొట్టే ఈ పనిని గ్రైండింగ్ అంటారు. విత్తనానికి వేరుశనగ బుడ్డలు వలిచే కళ్యాణదుర్గం ఇళ్లకు ఇలాంటి ఓపిక కొత్తేం కాదు. కానీ గుట్ట పెరగడం కంటికి కనబడాలి. ఆటలో నిన్న మనల్ని పడగొట్టిన తేలు ఇవాళ ఒక్క దెబ్బకు చస్తే పడ్డ తిప్పలన్నీ తీపే. ఆ తేడా తెలియకపోతే వట్టి విసుగు. 1987 నాటి ‘ఫైనల్ ఫాంటసీ’కి 2023లో కన్సోళ్లపై వచ్చిన ‘పిక్సెల్ రీమాస్టర్’ అనే కొత్త రూపంలో ఈ పాయింట్లను నాలుగింతలు చేసుకోవచ్చు. మొదటిసారి ఆడేవాళ్లు ఆ సదుపాయం జోలికి పోకపోవడమే మేలు. కథ కోసం తిరిగొచ్చినవాళ్లు మాత్రం నిస్సంకోచంగా వాడుకోవచ్చు.