అడిగితేనే వివరాలు: కస్టమర్ ఫీడ్‌బ్యాక్‌ని ఎలా చూపించాలి?

కస్టమర్లు చెప్పింది మేనేజర్ ముందు ఎలా పెట్టాలో ఈరోజు చూద్దాం.

ముందు మొత్తం కనపడాలి, తర్వాత అక్కర్లేనివి వడకట్టుకునే వీలుండాలి, వివరాలు అడిగినప్పుడే రావాలి అని మేరీలాండ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బెన్ ష్నైడర్‌మన్ 1996లోనే ఒక పేపర్‌లో రాశారు. వినడానికి సింపులే. చిక్కల్లా పైన ఏం పెట్టాలన్న దగ్గరే.

చాలామంది సగటు రేటింగ్ పెడతారు. 100 మందిలో 80 మంది 5 స్టార్లు, 20 మంది 1 స్టార్ ఇచ్చారనుకోండి. సగటు 4.2. పచ్చ రంగులో మెరిసిపోతుంది! ఆ 20 మందీ రిఫండ్ రాక తిట్టిపోస్తున్నారు, వాళ్ల మాటేమో మూడు క్లిక్కుల కింద ఉంది. ఏ మేనేజర్ వెళ్తాడండీ అక్కడిదాకా?

అందుకే పైన ఒక పూర్తి వాక్యం పెట్టండి: "రిఫండ్ ఆలస్యమైందని 100 మందిలో 20 మంది 1 స్టార్ ఇచ్చారు." నొక్కితే ఏ నెలలో, ఏ ఊళ్లో అన్నది రావాలి. ఇంకోసారి నొక్కితే కస్టమర్ రాసింది ఉన్నదున్నట్టు, పేరూ ఫోన్ నంబరూ తీసేసి.

దీనికి పెద్ద టూల్ అక్కర్లేదు. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో డీటెయిల్స్, సమ్మరీ అని రెండు ట్యాగులున్నాయి. జావాస్క్రిప్ట్ ఒక్క లైన్ కూడా రాయక్కర్లేదు. మౌస్ పెడితేనే కనపడే టూల్‌టిప్‌లో మాత్రం ముఖ్యమైనదేదీ పెట్టకండి. మీ మేనేజర్ రిపోర్ట్ చూసేది లిఫ్ట్‌లో, ఫోన్‌లో. అక్కడ మౌస్ ఏది?

ఇంకోటి. ఎంతమందిని అడిగారన్న లెక్క ఎప్పుడూ క్లిక్ వెనక పెట్టకండి. 100 మందిలో 20 మందికీ, ఐదుగురిలో ఒకరికీ శాతం ఒకటే, నమ్మకం ఒకటి కాదు.

కోడ్ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది, చూసుకోండి.