ఇనుముకు ఆముదపు కవచం

కర్రకు చెద ఎటువంటిదో ఇనుముకు తుప్పు అటువంటిది. తేమ, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఇనుమును కొద్దికొద్దిగా తినివేస్తాయి. గాలిలో ఉప్పు ఉంటే తుప్పు మరింత వేగంగా పడుతుంది. అందుకే కోవిల్‌పట్టిలో కంటె సముద్రతీరాన ఉన్న తూత్తుకుడిలో ఇనుప తలుపులు త్వరగా పాడవుతాయి. 1914లో ప్రారంభమైన పాంబన్ రైలు వంతెనకు ఏళ్ళ తరబడి రంగులు వేస్తూ వచ్చారు. అయినా ఓడలకు దారి ఇచ్చే భాగం తుప్పువల్ల బలహీనపడింది. 2022 డిసెంబరులో దానిపై రైళ్ళను నిలిపివేశారు. 2025 ఏప్రిల్‌లో పక్కనే కొత్త వంతెన ప్రారంభమైంది.

ఇనుముకు నీరు, గాలి తగలకుండా అడ్డుకోవడమే రంగు పూత చేసే పని. అయితే చాలా రంగులను టొలూన్, జైలీన్ వంటి ద్రావణులలో కలుపుతారు. పూత ఆరేటప్పుడు ఇవి ఆవిరై గాలిలో కలుస్తాయి. ఆ ఆవిరిని పీల్చిన పనివారికి తలనొప్పి, తల తిరగడం కలుగుతాయి. పైగా ఇవి సులభంగా అంటుకొంటాయి. అగ్గిపెట్టెలు చేసే కోవిల్‌పట్టిలో, బాణసంచా చేసే శివకాశిలో నిప్పంటే ఎంత జాగ్రత్త అవసరమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ద్రావణికి బదులు నీటిని వాడే పాలీయురిథేన్ పూత ఈ కష్టానికి ఒక ఉపాయం. పాలీయురిథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన సహచరులు కనుగొన్నారు. ఐసోసయనేట్, పాలియోల్ అనే రెండు పదార్థాలు కలిసి ఇది తయారవుతుంది. పాలియోల్‌ను ఎక్కువగా పెట్రోలియం నుండి తీస్తారు. దానికి బదులు మొక్కల నూనెను వాడవచ్చు.

విరుదునగరం నూనెల వ్యాపారానికి పేరుపొందిన ఊరు. అక్కడి నువ్వుల నూనె, వేరుసెనగ నూనె ఇందుకు నేరుగా పనికిరావు. ఐసోసయనేట్‌తో ముడిపడడానికి నూనె అణువులో హైడ్రాక్సిల్ సమూహాలు ఉండాలి. ఆ నూనెలలో వాటిని రసాయన చర్యల ద్వారా చేర్చాలి. ఆముదంలో మాత్రం అవి సహజంగానే ఉన్నాయి. దానిలోని కొవ్వు ఆమ్లాలలో దాదాపు 85 నుండి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. హైడ్రాక్సిల్ సమూహం ఉండేది ఈ ఆమ్లంలోనే. ఆముదాలను ప్రపంచంలో అందరికంటె ఎక్కువగా పండించేది మన దేశమే.

నూనె, నీరు కలవవు కదా! మరి ఈ పూత నీటిలో ఎలా కలుస్తుంది? పాలీయురిథేన్ గొలుసులో అక్కడక్కడ ఆమ్ల సమూహాలను చేర్చి, వాటిని క్షారంతో తటస్థం చేస్తారు. అప్పుడవి విద్యుదావేశం పొంది నీటిని అంటిపెట్టుకొంటాయి. గొలుసులు సన్నని రేణువులై, పాలలో వెన్న రేణువుల వలె, నీటిలో తేలుతూ ఉంటాయి. పూత వేసిన తరువాత నీరు ఆవిరవుతుంది. రేణువులు దగ్గరకు చేరి, అతుక్కొని, పలుచని పొరగా మారతాయి.

ఇందులోనూ చిక్కులున్నాయి. నీటిని అంటిపెట్టుకొనే సమూహాలు ఎక్కువైతే పొర తేమను పీలుస్తుంది. పూత ఆరేలోగా అందులోని నీరే ఇనుముకు తుప్పు పట్టించవచ్చు. ఐసోసయనేట్‌ను పీల్చడం తయారుచేసేవారికి హాని. అందుచేత పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి. తుప్పును గురించి పరిశోధించే కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ మన రాష్ట్రంలోనే, కారైక్కుడిలో, 1953 నుండి పనిచేస్తున్నది.

మీరొక చిన్న ప్రయోగం చేయండి. రెండు కొత్త ఇనుప మేకులు తీసుకొని, ఒకదానికి ఆముదం పట్టించండి. రెండింటినీ తడిగుడ్డపై వారం రోజులు ఉంచండి. ఏది ముందు తుప్పు పడుతుందో చూడండి. ఒట్టి ఆముదం చేత్తో తుడిస్తే పోతుంది. తుడిచినా పోని పొరగా దానిని మార్చడమే శాస్త్రజ్ఞుల ప్రయత్నం.