ముఖ నాడికి ఒక గడువు ఉంది

బాపులపాడును ఆనుకుని ఉన్న హనుమాన్ జంక్షన్‌లో చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిని నూజివీడు, గుడివాడ దారులు కలుస్తాయి. మామిడి కోతల కాలంలో అక్కడ లారీలు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. హెల్మెట్ లేకుండా బండి మీద నుంచి పడితే చెవి దగ్గరి కపాల ఎముక చిట్లవచ్చు. ముఖాన్ని కదిలించే నాడి ఆ ఎముకలోంచే వెళ్తుంది. తల గాయం మానినా ఒక కన్ను మూతపడక, మూతి పక్కకు లాగి, తాగిన నీళ్లు పెదవి మూల నుంచి కారుతుంటే ఆ మనిషికి నయమైనట్టు కాదు. అటువంటి ముఖానికి కదలికను తెచ్చే శస్త్రవిద్య నేడు ఉంది. దానికి గడువూ ఉంది. ఆ గడువు సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి.

పన్నెండు జతల కపాల నాడుల్లో ఇది ఏడోది. ఎముకలో సుమారు మూడు సెంటీమీటర్ల ఇరుకు గొట్టం గుండా సాగి చెవి తమ్మె వెనక బయటికి వస్తుంది. చెంపలోని లాలాజల గ్రంథిలో ఐదు ప్రధాన శాఖలుగా చీలి నుదురు, కన్ను, చెంప, పెదవి, మెడ కండరాలకు చేరుతుంది.

మూతి వంకరపోయిన ప్రతివారికీ ఆపరేషన్ అక్కర్లేదు. ఉన్నట్టుండి వచ్చే బెల్స్ పాల్సీలో నాడి వాస్తుంది గాని తెగదు. 72 గంటల్లోపు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే కోలుకునే అవకాశం పెరుగుతుంది. ఎక్కువమంది కొన్ని వారాల్లో, నెలల్లో బాగవుతారు. అలా బాగైనవారిని చూసిన ఊళ్లో, నాడి తెగిన మనిషికి కూడా ‘అదే సర్దుకుంటుందిలే’ అని ధైర్యం చెబుతారు. తెగిన నాడి తనంతట తాను అతుక్కోదు.

గాజుపెంకుతో చెంప కోసుకుపోయి నాడి తెగితే మొదటి మూడు రోజులు ఎంతో విలువైనవి. అప్పటివరకు తెగిన అవతలి కొసకు విద్యుత్ ప్రేరణ ఇస్తే కండరం అదురుతుంది, ఏ శాఖ ఎక్కడుందో సర్జన్ పోల్చుకోగలడు. ఆ తర్వాత ఆ స్పందన ఉండదు. కొసలను మైక్రోస్కోప్ కింద, తలవెంట్రుక కంటే సన్నటి నైలాన్ దారంతో, బిగుతు లేకుండా కుడతారు.

మధ్యలో ముక్క పోయి ఉంటే మరోచోటి నాడిని తెచ్చి అతకాలి. పిక్క వెనకగా సాగే, స్పర్శనిచ్చే సూరల్ నాడినో, మెడ పక్క నుంచి చెవికి వెళ్లే నాడినో తీసుకుంటారు. తీసినచోట కొంత తిమ్మిరి మిగులుతుంది. నూజివీడు రైతుకు ఇది మామిడి అంటులా తోస్తుంది. కొసలు సరిగ్గా ఆనాలి, కదలకూడదు, ఎండకూడదు. పోలిక అంతవరకే. మామిడి అంటులో తెచ్చిన పుల్లే చిగురిస్తుంది. ఇక్కడ తెచ్చిన తంతువులు నశించి, వాటి తొడుగులు మాత్రం దారిగా మిగులుతాయి. మెదడు వైపు నుంచి కొత్త తంతువులు ఆ దారిలో రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. పది సెంటీమీటర్లు సాగడానికి మూడు నెలలకు పైనే పడుతుంది.

ఈలోగా సంకేతం అందని కండరం క్షీణిస్తూ ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నర దాటాక తంతువు చేరినా కండరం దాన్ని అందుకోలేకపోవచ్చు. నాడి పెరగడానికి పట్టే నెలలను ఇందులోంచి తీసేస్తే చికిత్సకు మిగిలే కాలం ఎంత తక్కువో తెలుస్తుంది. మెదడు వైపు కొస దొరకనప్పుడు నాలుకను కదిలించే నాడిలో కొంత భాగాన్నో, నమిలే కండరపు నాడి శాఖనో ముఖ నాడికి కలుపుతారు. నమిలే కండరపు నాడిని కలిపితే రోగి పళ్లు బిగించి నవ్వడం సాధన చేయాలి.

గడువు దాటినవారికీ ఆశ ఉంది. కుష్ఠు వల్ల కనురెప్ప మూతపడని రోగులకు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కణత కండరాన్ని రెప్పలకు మళ్లించారు. రోగి నమిలితే రెప్ప మూసుకునేది. చిత్తూరు సరిహద్దుకు దగ్గరైన ఆ ఊరికి వైద్యం కోసం తెలుగువారు వెళ్లడం ఏనాటి నుంచో ఉన్నదే. 1976లో జపాన్ సర్జన్ కియోనోరి హారీ బృందం, తొడ లోపలి గ్రాసిలిస్ కండరాన్ని రక్తనాళాలు, నాడితో సహా చెంపలోకి మార్చిన పద్ధతిని ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న చెంపలోని నాడి శాఖకు అతికిన నాడిని ఇటువైపు తెచ్చి ఆ కండరపు నాడికి కలిపితే రెండువైపులా ఒకేసారి నవ్వు రావడం సాధ్యమవుతుంది.

ఏ పద్ధతీ పూర్వపు ముఖాన్ని యథాతథంగా ఇవ్వదు. తంతువులు దారి తప్పితే నవ్వినప్పుడు కన్ను మూసుకుపోతుంది. దాన్ని అద్దం ముందు సాధనతో, బొటాక్స్ సూదులతో తగ్గిస్తారు. అన్నిటికన్నా ముందు కంటిని కాపాడాలి. మూతపడని కన్ను ఎండి నల్లగుడ్డు మీద పుండు పడితే చూపే పోవచ్చు. చుక్కలు, రాత్రిపూట ఆయింట్‌మెంట్ తప్పనిసరి. అవసరమైతే పై రెప్పలో చిన్న బంగారు బిళ్ల అమరుస్తారు. దాని బరువుకు రెప్ప కిందికి దిగుతుంది.

ముఖం ఒకవైపు కదలడం ఆగిన తేదీని రాసి పెట్టుకోండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, అది పక్షవాతమేమో కూడా తేలాలి. నాడి తెగిందా, వాచిందా అని డాక్టరును అడగండి. వాచిందని చెప్పినా మూడు నెలల్లో కదలిక పూర్తిగా రాకపోతే నిపుణుడికి చూపించండి. ఎదురుచూడాల్సిన జబ్బుకూ, ఎదురుచూస్తే చేజారే జబ్బుకూ తేడా తొలి రోజుల్లోనే తేలితే, శస్త్రవిద్య చేయగలిగినదంతా రోగికి అందుతుంది.