రేవులో రాజ్యబాధ్యత

ప్రభుత్వం నేడు కేవలం శాంతిభద్రతలను కాపాడే వ్యవస్థ కాదు. రైళ్లను నడుపుతుంది, రేవులను నిర్వహిస్తుంది, గిడ్డంగులలో సరకు భద్రపరుస్తుంది. ప్రభుత్వం స్వయంగా నడిపే రేవులో, ఓడ నుంచి దించే వేళ సిబ్బంది అజాగ్రత్త వల్ల ఒక వర్తకుని సరకు నీటిపాలైందనుకొందాం. ఆ నష్టానికి ప్రభుత్వంపై దావా చెల్లుతుందా?

రాజు తప్పు చేయజాలడన్నది ఇంగ్లండులో ప్రాచీన న్యాయసూత్రం. అందువల్ల సేవకుల అపరాధానికి రాజుపై వ్యాజ్యం నడిచేది కాదు. మన ధర్మశాస్త్ర దృష్టి వేరు. సామాన్యునికి ఒక కార్షాపణం దండుగ వేసే నేరానికి రాజుకు వేయి కార్షాపణాలు విధించాలని మనుస్మృతి శాసించింది. అధికారంతోపాటు బాధ్యత కూడా పెరుగుతుందని దీని భావం.

ఆధునిక భారతదేశంలో ఈ సమస్య కలకత్తాలో విచారణకు వచ్చింది. కిడ్డర్‌పూర్‌లోని ప్రభుత్వ నౌకానిర్మాణశాలలో, ఆవిరి ఓడ మరమ్మతు కోసం కూలీలు బరువైన ఇనుప సామగ్రిని దారి వెంట మోసుకుపోతున్నారు. పి. అండ్ ఓ. నౌకా కంపెనీ వారి గుర్రపుబండి ఆ దారినే వచ్చింది. కూలీలు కంగారుపడి ఇనుమును జారవిడిచారు. ఆ చప్పుడుకు గుర్రాలు బెదరగా, ఒక గుర్రం గాయపడింది. కంపెనీ 350 రూపాయల పరిహారం కోరింది. సార్వభౌమాధికారం లేని సామాన్య వ్యక్తులు సైతం చేయగల పనులలో జరిగిన అజాగ్రత్తకు ప్రభుత్వమే బాధ్యత వహించాలని 1861లో ప్రధాన న్యాయమూర్తి సర్ బార్న్స్ పీకాక్ తీర్పు చెప్పారు. సరకు ఎక్కించడం, దించడం కూడా అటువంటి పనులే.

అయితే ఆ తీర్పులోని విభజనే తరువాత ప్రభుత్వానికి కవచమైంది. 1947లో మీరట్ పోలీసులు ఒక వర్తకుని వద్ద స్వాధీనం చేసుకొన్న బంగారాన్ని హెడ్ కానిస్టేబుల్ అపహరించి పాకిస్తాన్‌కు పారిపోయాడు. పోలీసుల చర్య సార్వభౌమాధికారంలోనిది కనుక పరిహారం ఇవ్వనక్కరలేదని 1964లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. తప్పు సిబ్బందిది, నష్టం మాత్రం పౌరునికి మిగిలింది.

ఈ కవచాన్ని సడలించిన తీర్పు ఆంధ్రప్రదేశ్ వ్యాజ్యంలోనే వెలువడడం విశేషం. 1975లో అధికారులు స్వాధీనం చేసుకొన్న ఎరువులు, ధాన్యం వారి నిర్లక్ష్యం వల్ల పాడైపోయాయి. వర్తకునికి రాష్ట్రప్రభుత్వం పరిహారం చెల్లించాలని 1994లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సంక్షేమ రాజ్యంలో ప్రభుత్వం చట్టానికి అతీతం కాదని స్పష్టం చేసింది.

ప్రభుత్వంపై దావాకు రాజ్యాంగంలోని 300వ అధికరణం అవకాశం కల్పించింది. కాని ఏ నష్టానికి ఎంత బాధ్యతో స్పష్టంగా చెప్పే సమగ్ర చట్టం రాలేదు. 1967లో ప్రవేశపెట్టిన బిల్లు చట్టరూపం దాల్చలేదు. ఈ అస్పష్టత వల్ల నష్టపోయేది న్యాయస్థానాల చుట్టూ ఏళ్ల తరబడి తిరగలేని సామాన్యుడే. తన సేవకుల తప్పును తనదిగా అంగీకరించినప్పుడే ప్రభుత్వం ప్రజలకు నిజమైన రక్షకురాలవుతుంది.