విగ్రహం పడుకుంది!

దెబ్బతిన్న విగ్రహాన్ని ఏం చేస్తారు? బాగుచేసి మళ్లీ నిలబెడతారు. లేదంటే ఏ గోడౌన్లోనో పడేస్తారు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరం ఆ రెండూ చేయలేదు. రంగు మరకలతో సహా మ్యూజియంలో పడుకోబెట్టింది!

ఆ విగ్రహం ఎడ్వర్డ్ కోల్‌స్టన్ అనే వ్యాపారిది. 1636లో పుట్టిన ఆయన సొంతూళ్లో బడులకూ ఆసుపత్రులకూ బోలెడంత డబ్బిచ్చాడు. అందుకే 1895లో నగరం నడిబొడ్డున కంచు విగ్రహం పెట్టారు. కానీ ఆ సంపద వెనక మరో కథ ఉంది. ఆఫ్రికన్లను బానిసలుగా ఓడల్లో తరలించిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఆయన పెద్ద హోదాలో ఉన్నాడు. ఆ కాలంలో సుమారు 84 వేలమందిని తరలించారనీ, వారిలో 19 వేలమంది దారిలోనే చనిపోయారనీ అంచనా. విగ్రహం కింది ఫలకంలో ఆ ముక్కే లేదు. అసలు సంగతి చెప్పే మరో ఫలకం పెడదామంటే, ఏం రాయాలో తేలక 2019లో అదీ ఆగిపోయింది.

2020 మేలో అమెరికాలో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక బ్రిస్టల్‌లోనూ నిరసనలు రేగాయి. జూన్ 7న జనం విగ్రహాన్ని తాళ్లతో లాగి పడేశారు. దొర్లించుకుంటూ వెళ్లి హార్బర్ నీళ్లలోకి తోసేశారు.

నాలుగు రోజులకు అధికారులు దాన్ని బయటికి తీయించారు. శుభ్రం చేస్తుంటే కోటు మడతల్లో 1895 నాటి పత్రిక ఒకటి దొరికింది. దానిమీద విగ్రహాన్ని నిలబెట్టిన పనివాళ్ల పేర్లు, చేతిరాతతో! 125 ఏళ్లు ఎవరి కంటా పడని ఆ పేర్లు విగ్రహం కూలాకే బయటికొచ్చాయి.

మామూలుగా అయితే మరకలు పోగొట్టడమే నిపుణుల పని. ఇక్కడ మాత్రం బురద పోవాలి, నిరసనకారులు పూసిన ఎరుపు, నీలం రంగులు పోకూడదు. ఎందుకంటే అవీ ఇప్పుడు చరిత్రే!

2021 జూన్‌లో ఎం షెడ్ మ్యూజియంలో విగ్రహాన్ని ప్రదర్శించి, ఏం చేయాలో ప్రజలనే అడిగారు. నగరవాసుల్లో ప్రతి అయిదుగురిలో నలుగురు మ్యూజియానికే ఓటేశారు. పడగొట్టారంటూ కేసు ఎదుర్కొన్న నలుగురినీ 2022 జనవరిలో జ్యూరీ నిర్దోషులంది. చేసింది తప్పా, ఒప్పా అన్న వాదన మాత్రం ఆగలేదు.

2024 మార్చిలో విగ్రహం అదే మ్యూజియంలో శాశ్వత ప్రదర్శనకు చేరింది... పడుకున్న భంగిమలోనే. ‘ఈయనెందుకిలా పడుకున్నాడు?’ అని పిల్లలు అడిగితే, పెద్దవాళ్లు దానాల సంగతే కాదు, ఓడల సంగతీ చెప్పాల్సిందే.