వీరేశలింగాన్ని గౌరవిస్తూనే

ఆ మధ్య ఒక సాహిత్య సభలో 'రాధికా సాంత్వనం' గురించి మాట్లాడుతూ, ముద్దుపళని విషయంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు పొరపాటు పడ్డారని అన్నాను. సభ ముగిశాక ఇద్దరు మిత్రులు పట్టుకున్నారు. వారిలో పెద్దాయన, "మాస్టారూ, మన వేదిక మీద మనమే పంతులు గారిని తప్పుపడితే అవతలివాళ్లకు అలుసైపోమా?" అన్నారు. రెండోవాడు కుర్రవాడు. అతనిది పూర్తిగా ఎదురు వాదం. "పొరపాటంటారేమిటండీ, ఆ సంస్కరణంతా బూటకమని తేల్చేయక!" అన్నాడు. ఇద్దరి అభిప్రాయాలూ మనలో బాగా ప్రచారంలో ఉన్నవే. రెంటితోనూ నాకు పేచీ ఉంది. బస్సు వేళ కావడంతో ఆనాడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

విద్యార్థుల కోసం ముందు విషయం చెప్పాలి. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలోని విదుషి. ఆమె రాసిన 'రాధికా సాంత్వనం' శృంగార ప్రబంధం. రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. తానే దగ్గరుండి బుద్ధులు చెప్పి పంపుతుంది. ఆ తరువాత అసూయతో, విరహంతో కుమిలిపోతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను బతిమాలి ఊరడించడమే సాంత్వనం. ఆండాళ్ తిరుప్పావైని తెనిగించినది కూడా ఈ ముద్దుపళనే. ఆమెను ఆడిపోసుకునేవారు ఆ సంగతి ఎత్తరు.

'ఆంధ్ర కవుల చరిత్రము'లో వీరేశలింగం గారు ఆమె పాండిత్యాన్నీ, కవిత్వంలోని మాధుర్యాన్నీ ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే, స్త్రీలు వినడానికే తగని మాటలు స్త్రీ నోట వెలువడడమేమిటని ఈసడించారు. వేశ్యాకులంలో పుట్టినదానికి సిగ్గు లేకపోవడంలో వింత లేదన్న ధోరణిలో తేల్చారు. నా అభ్యంతరం ఇక్కడే. శృంగారం మోతాదు మించిందనడం కావ్య విమర్శ. దానితో ఏకీభవించినా, విభేదించినా పద్యాలు చూపి మాట్లాడుకోవచ్చు. పుట్టుకను బట్టి చెప్పిన తీర్పుకు పద్యాలతో పనిలేదు.

దీనికి తొలి సమాధానం మన విమర్శకుల నుంచి రాలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ గారి నుంచి వచ్చింది. ఆమెది కూడా దేవదాసీ కుటుంబమే. గొప్ప గాయని. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించినది ఆమే. అంతకుముందు అచ్చయిన ప్రతిలో అవతారిక లేదనీ, కొన్ని పద్యాలు ఎగిరిపోయాయనీ ఆమె గమనించారు. రాతప్రతి సంపాదించి, సరిపోల్చి, 1910లో వావిళ్ల వారి ద్వారా సమగ్రంగా ప్రచురింపజేశారు. నేను తెలుగు ఎం.ఏ.లో గ్రంథ పరిష్కరణ ఒక పాఠంగా చదువుకున్నాను. అందులో ఎందరో పండితుల పేర్లు వల్లించాం కాని, ఈ పరిష్కర్త పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె పీఠికలో అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: సిగ్గు అనేది స్త్రీలకేనా, పురుషులకు అక్కర్లేదా? ఊరికే అడిగి వదలలేదు. 'వైజయంతీ విలాసం' వంటి శృంగార కావ్యాన్ని ఇదే పంతులు గారు ఆమోదించిన సంగతి బయటపెట్టారు. అంటే కొలబద్ద మారింది. కవి మగవాడైతే రసం, ఆడదైతే రోత!

1911లో ప్రభుత్వం పుస్తకం అశ్లీలమని ప్రతులు స్వాధీనం చేసుకుంది. నిషేధం తొలగింది 1947లో, టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వ కాలంలో.

ఇక కుర్ర మిత్రుడి మాట. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించడానికి ఆ మనిషి వెలినీ, బెదిరింపులనూ ఎదుర్కొన్నాడు. అది బూటకమైతే నిజమేదో నాకు తెలియదు. కాని ఆ సంస్కరణా, ఈ తీర్పూ ఒకే వేరు నుంచి వచ్చాయని నా అభిప్రాయం. వితంతువుకు సంసారంలో గౌరవస్థానం ఇప్పించడం ఆయన దీక్ష. ఆ సంసారపక్షపు స్త్రీకి గీత గీసే పనిలో భోగంవారి స్త్రీ గీతకు అవతల పడిపోయింది. చదువు స్త్రీకి కావాలని ఎలుగెత్తిన వ్యక్తికే, అప్పటికే చదువుకుని కావ్యం రాసిన స్త్రీ ఇబ్బందిగా తోచింది. ఇది ఆయన కాలపు మధ్యతరగతి దృక్పథానికున్న హద్దు. హద్దును చూపించడం మనిషిని తోసిపుచ్చడం కాదు.

దేవదాసీ వ్యవస్థను నేను సమర్థిస్తున్నానని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. ఆలయాలకు ఆడపిల్లలను అర్పించడాన్ని నిషేధించిన 1947 నాటి మద్రాసు చట్టం అవసరమైనదే. నాగరత్నమ్మ గారు అటువంటి చట్టం రాకూడదని వాదించినవారిలో ఒకరు. ఆ విషయంలో నేను ఆమెతో లేను. పీఠికలోని ప్రశ్నకు దానివల్ల వచ్చిన లోటేమీ లేదు.

కావ్యం గొప్పదా అంటే, నాకు కొన్నిచోట్ల విసుగు పుట్టింది. అది దర్బారు కవిత్వం. దాని లోకంలో కూలివాడు లేడు, పొలం లేదు. ఈ మాట అనేవారు మన ప్రబంధాలన్నిటినీ అదే వరుసలో నిలబెట్టి అనాలి. ఒక్క ముద్దుపళని దగ్గరే వర్గదృష్టి గుర్తుకు రావడం నాకు అనుమానం కలిగిస్తుంది.

పెద్ద మిత్రుడికి నా ప్రతి ఇచ్చాను. పద్యాలు తరువాత, ముందు పీఠిక చదవమన్నాను. పుస్తకం ఇంకా తిరిగి రాలేదు.